ట్రాలీల పెట్టిన పొయ్యి

మా ఇంట్ల ట్రాక్టరుకు ఎంత మర్యాదో, దాని ఎన్క తగిలించే ట్రాలీకి అంత అలుసు. దసరా వచ్చిందంటే ట్రాక్టరుకు పూలదండ, పసుపు, కుంకుమ, ముందర నిమ్మకాయలు. ట్రాలీకి ఏమొస్తది? పెంట, ఇసుక, కంకర, పల్లికాయ, పెండ్లికి పోయే జనం. ఈ ఇంటికి చిన్నకోడలుగ వచ్చిన కాన్నుంచి దాన్ని చూసినప్పుడల్లా నాకు నేనే యాదికొస్తుంటి. అందరికీ పనికొస్తది, బొట్టు మాత్రం ఎవరూ పెట్టరు. ఈ మాట పైకి అంటే మా అత్తమ్మ ఊకుంటదా? "నీకు బొట్టు పెట్టనిదెవరే?" అని వాడంతా వినేటట్టు లొల్లి చేస్తది. అందుకే మనసులనే అనుకుంటుంటి.

మాది ఖిల్లా ఘణపూర్ అవతల, అన్నీ వాన మీద బతికే చెలకలే ఉన్న ఊరు. ఇంట్ల అత్తమ్మ, బావ, బావ పెండ్లాం అంటే మా యారాలు, మా ఆయన, నేను, రెండు జంటల పిల్లలు. యారాల్ని నేను అక్క అనే పిలుస్త. మామ నేను రాకముందే పోయిండు. ఎవరి పని వాళ్లకు ఉండె. చెలక చూసుడు బావది, ట్రాక్టరు తోలుడు మా ఆయనది, పాలు పెరుగు అక్కది, వంట నాది. వంట నాది అంటే నమ్మేరు, నమ్మకుండ్రి. పొయ్యి కాడ చెమటలు కారుసుడు నాది. ఉప్పు అత్తమ్మది.

ఇది మా ఇంటి పద్ధతి. కూర ఉడికినంక నేను మూత తీసి పక్కకు జరగాలె. అత్తమ్మ వచ్చి జాడీల చెయ్యి పెట్టి, దొడ్డుప్పు గుప్పెట్ల పట్టి కూరల ఏస్తది. గంటెతోని అరచేతిల రెండు బొట్లు పోసుకొని నాకుతది. సాలదనిపిస్తే ఇంకింత ఏసి, కొంగుకు చెయ్యి తుడుసుకొని పోతది. ఆమె అత్త గుడ గట్లనే చేసిందట. చెలకల పట్టాలు బావ పేరు మీద ఉంటే ఉండనీ, ట్రాక్టరు కాయితాలు మా ఆయన పేరు మీద ఉంటే ఉండనీ, ఉప్పు జాడీ ఎవరి చేతిల ఉంటే ఇల్లు వాళ్లది. ఇద్దరు పిల్లల తల్లినయ్యి గుడ నేను ఒక్క కూరల ఉప్పు ఏసి ఎరగ. అక్కకు ఈ పట్టింపు లేదు, ఉప్పు ఎవరేస్తే ఏంది అంటది. నాకే కడుపు మండేది.

దానికి తోడు, ఆ ఏడు మా ఇంట్ల అందరూ తెగ నీళ్లు తాగుతుండిరి. కూరల ఉప్పు ఎక్కువైతుండె. అయినా ఒక్కరూ నోరు తెరుస్తలేరు. బావ ముద్దముద్దకు చెంబెత్తుతుండె. పిల్లలు పెరుగు పోసుకొని ఎట్లనో గట్టెక్కుతుండిరి. మా ఆయన ఒకనాడు "అమ్మా, జర..." అని మొదలుపెట్టి, ఆమె కండ్ల దిక్కు చూసి, "జర ఇంకింత అన్నం పెట్టు" అన్నడు. అసలే ఆమెకు ముక్కు మీద కోపం. ఏమన్న అంటే వండింది నువ్వేనాయె అని నా మీదికే తిప్పుతది. అందుకే నేను గుడ నోరు కట్టుకున్న. నాకది ఎంత కష్టమో నన్ను ఎరిగినోళ్లకు ఎర్కే.

మా ఆయన పల్లికాయ అమ్మెటందుకు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల దాకా పోతుండె. మార్కెట్ల వంతు వచ్చేదాక ట్రాలీలనే పండుకునేటోడు. ఇంటికొచ్చి ముచ్చట్లు చెప్పేటోడు. కృష్ణ బ్రిడ్జి మీద గాలి ఎట్ల కొడ్తదో, గద్వాల కోట గోడ ఎంత ఎత్తుంటదో, నాగర్‌కర్నూల్ బస్టాండు కాడ మిర్చి బజ్జీలు ఎంత పెద్దగుంటయో. నేను చాటల బియ్యం చెరుగుకుంట వింటుంటి. ఒకనాడు చాట కింద పడేసిన.

"ఏమయ్యా, మన పల్లికాయ గుడ కృష్ణను చూసొచ్చింది. నేను చూడలే" అన్న.

ఆయన పకపక నవ్విండు. నా మొఖం చూసి నవ్వు ఆపిండు. బస్సుల పోదామన్నడు. బస్సుల పోతే ఏమైతది? పొద్దున పోయి, పొద్దుగూకే యాళ్లకు మల్ల పొయ్యి ముందర ఉండాలె. లాడ్జిల ఉంటమంటే ఊరంతా చెవులు కొరుక్కుంటది. "మరి నేను పండుకునేది ట్రాలీలనే గదా, నువ్వు గుడ రా" అన్నడు.

"నేనేమన్న పల్లికాయ బస్తనా, ఏస్తే పండుకునేటందుకు? దాన్ని ఇల్లు లెక్క చెయ్యి, వస్త" అన్న. ఏదో మాటకన్న. ఆయన దాన్ని పట్టుకున్నడు.

అప్పటికి పల్లికాయ పీకుడు అయిపోయింది, ఎండకాలం మొదలైంది. మల్ల వానకాలం ముందర పెంట తోలేదాక ట్రాలీకి పని లేదు. బావ ఒకటే షరతు పెట్టిండు: ట్రాలీకి ఏదీ అతికియ్యొద్దు, ఏది పెట్టినా మల్ల ఊడదీసేటట్టు ఉండాలె. సగం ఏడు ఇల్లు, సగం ఏడు పెంటబండి. మా ఆయన వనపర్తి పోయి ఇనుప పైపులు వంచిపిచ్చుకొచ్చి, ట్రాలీ అంచులకు బోల్టులతోని బిగించిండు. వాటి మీద నీలి తాడ్పత్రి కప్పిండు. నులకమంచం కోళ్లు సగానికి కోసి ఒక మూలకు కట్టేసిండు. ఇంకో మూలకు నల్లా ఉన్న నీళ్ల డ్రమ్ము. చీరలు ఏలాడేసెటందుకు కొక్కాలు, మొఖం చూసుకునేటందుకు చిన్న అద్దం. నేను కిటికీ కావాలన్న. తాడ్పత్రి కొయ్యాలంటే ఆయనకు పాణం పోయినట్టైంది, అయినా కోసిండు. దానికి నా పెండ్లినాటి చీర అంచు కుట్టిన.

పెంట వాసన మాత్రం పోతే ఒట్టు. నీళ్లు కొట్టినం, ఫినాయిల్ పోసినం, ఎండల పెట్టినం, సాంబ్రాణి ఏసినం. ఆఖరుకు సాంబ్రాణి ఏసిన పెంట వాసన వచ్చింది.

ఊరోళ్లు రోజూ వచ్చి చూస్తుండిరి. ఒక ముసలాయన చుట్టూ తిరిగి తిరిగి, "కోళ్లఫారం మంచిగనే ఉన్నది గని, గాలి సాలదు" అన్నడు. బావ వచ్చి సూర్యుని దిక్కు చెయ్యి చాపి, ట్రాలీ దిక్కు చూసి, "దక్షిణం వాకిలి అయ్యింది గదరా, ఇంటికి మంచిది కాదు" అన్నడు. మా ఆయన ట్రాక్టరెక్కి ట్రాలీని మలిపి, వాకిలి తూర్పుకు వచ్చేటట్టు నిలబెట్టి దిగిండు. బావ ఇంకోసారి సూర్యున్ని చూసి, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అని తృప్తిగ పోయిండు.

ఇగ ఇల్లన్నంక పొయ్యి ఉండాలె గద. సగానికి కోసిన పాత డ్రమ్ముల నేనే ఎర్రమన్ను, ఊక కలిపి పొయ్యి పెట్టిన. నున్నగ అలికిన. ఆరినంక ముందర సన్నగ ముగ్గేసిన. చేతులు నడుము మీద పెట్టుకొని దూరంకెళ్లి చూసుకున్న. నా పొయ్యి! నా కూర, నా ఉప్పు! గద్వాల కోట కంటే నాకు అదే ఎక్కువ సంబురమైంది. దాచిపెట్టేదేముంది.

గప్పుడే అత్తమ్మ వచ్చింది. ట్రాలీల తొంగి చూసి, పొయ్యిని చూసి, వాకిట్ల కూలబడ్డది.

"నేను బతికుండంగనే ఇంటిని రెండు చేస్తివానే!" అని ఒర్లుడు మొదలుపెట్టింది.

మా దిక్కు అన్నదమ్ములు వేరుపడ్డరు అంటే చెలకలు పంచుకున్ననాడు కాదు, రెండో పొయ్యి ఎలిగిననాడు. ఒక్క పొయ్యి ఉన్నన్ని రోజులు ఒక్క ఇల్లు. ఇంత పెద్దదాన్ని, ఈ ముచ్చట నాకు ఎర్క లేదా? ఎర్కే. కాని చక్రాల మీద ఉన్న పొయ్యి గుడ లెక్కకొస్తదని నా బుర్రకు తట్టలే. వాడల ఆడోళ్లంత వాకిలి నిండ వచ్చిండ్రు. బావ మొఖం తెల్లబోయింది. తమ్ముణ్ణి పక్కకు పిలిచి, "నీ మనసుల అట్ల ఉంటే నాకు చెప్పొచ్చు గదరా, బోరు కాడి చెలక కావాల్నంటే అదే తీసుకో" అన్నడు. మా ఆయన బిత్తరపోయి, "అన్నా, నేను జర తిరిగొద్దామనుకున్న, గంతే" అన్నడు. అక్క గుడ ఏడుస్తున్నది. దగ్గరికి పోయి అడిగితే, "నువ్వు వేరుపోతే ఇంతమందికి నేనొక్కదాన్నే వండాలె గదనే చెల్లె" అన్నది. ఆ ఇంట్ల నిజం చెప్పేది ఆమె ఒక్కతే.

నాకు మండింది. "సరే, పొయ్యి పలగ్గొడ్త. హోటల్ల తింటం" అన్న.

"మా ఇంటి కోడలు హోటల్ల తింటదా!" అని అత్తమ్మ ఇంకా గట్టిగ ఎత్తుకుంది.

అంటే వండుకోవద్దు, కొనుక్కోవద్దు. ఉపాసం ఉండి కృష్ణను చూడాలె. ఆ రాత్రి నేను తినకుంట పండుకున్న. తెల్లారి అత్తమ్మ అరుగు మీద కూసోని తీర్పు చెప్పింది. "పొయ్యి పోతే పోనీ. దానెంట నేను గుడ పోత. నేనున్న కాడ ఉన్నదే మా ఇంటి పొయ్యి."

బావ, మా ఆయన ఇద్దరూ హమ్మయ్య అనుకున్నరు. నా నెత్తిన బండ పడ్డది. ఎవరి నుంచి తప్పించుకొని నాలుగు రోజులు ఊపిరి తీసుకుందామనుకున్ననో ఆమెనే ఎంట తీసుకపోవాలె. పిల్లలకు బడిల పరీక్షలున్నయి, వాళ్లను అక్క కాడ ఇడిచినం. బయలెల్లే పొద్దు అత్తమ్మ కొత్త చీర కట్టుకొని, ఉప్పు జాడీ ఒళ్లె పెట్టుకొని ట్రాలీ ఎక్కింది.

"మరి మాకు ఉప్పు?" అని అక్క అడిగింది.

"కొట్ల పాకీటు తెప్పిచ్చుకో" అన్నది అత్తమ్మ, జాడీని ఇంకింత దగ్గరికి జరుపుకొని.

ఇగ మా తిరుగుడు ముచ్చట చెప్త. ట్రాక్టరు మీద మా ఆయన, ఎన్క ట్రాలీల అత్తాకోడండ్లు. ఇంజను సప్పుడుకు కొండెక్కి ఒర్లినా ఆయనకు వినపడదు. అందుకని ఆయన దండచెయ్యికి తాడు కట్టి, ఇంకో కొస కిటికీలకెళ్లి లోపలికి తెచ్చినం. ఆపాల్నంటే గుంజాలె. ఆ తాడు అత్తమ్మ చేతిల పడ్డది. ఇగ చూడు! మేకల మంద కనపడితే గుంజుతది. చింతచెట్టు కనపడితే గుంజుతది. మామిడికాయలమ్మెటామె కనపడితే గుంజి, దిగి, కాయ పిసికి చూసి, పుల్లగ లేదని మల్ల ఎక్కుతది. వనపర్తి చేరేవరకే మా ఆయన దండ ఎర్రగ కందింది.

వనపర్తిల ఛాయ తాగుదామని ఆపితే ఆడోళ్లు మూగిండ్రు. "స్టీలు సామానా, పిలాస్టికా?" అని అడిగిండ్రు. ఏం అమ్ముతలేమన్నా నమ్మరు. ఒకామె లోపల చెయ్యి పెట్టి నా అద్దం తీసి, "ఇదెంతకిస్తవు?" అన్నది. నేను కయ్యిమన్న. అత్తమ్మ మాత్రం "నీ దగ్గర పాత బట్టలుంటే పట్రా, చూద్దాం" అన్నది. నాకు నవ్వాగలే. ఆమెకు ఇంట్ల లేని ఎకసెక్కం బయట ఎన్నడొచ్చిందో నాకు తెల్వదు.

పెబ్బేరు దాటి బీచుపల్లికి పోయేవరకు పొద్దు పడమటికి వాలింది. బ్రిడ్జి కనపడంగనే తాడు గుంజింది అత్తమ్మ కాదు, నేను. దిగి చూస్తే, అబ్బ! ఎండకాలమైనా అన్ని నీళ్లు. మా ఊర్ల బోర్లు దగ్గుకుంట పోసే నీళ్లు చూసిన కండ్లకు అది నమ్మశక్యం కాలే. నేను మెట్ల మీదికెళ్లి పోయి మోకాళ్ల దాకా దిగిన. అత్తమ్మ గుడ చీర ఎత్తి పట్టుకొని పక్కకొచ్చి నిలబడ్డది. దోసిట్ల నీళ్లు పట్టి మొఖానికి కొట్టుకున్నది. ఆమె గుడ పుట్టి బుద్ధెరిగి కృష్ణను చూడలేదని నాకు అప్పుడు తెలిసింది.

వండుదామని ట్రాలీ ఎక్కి చూస్తే నా పొయ్యి నిలువున పలిగి ఉన్నది. ఆ గతుకులకు మట్టి పొయ్యి ఎట్ల ఆగుతది? నాకు ఏడుపొచ్చింది. ఇగ అత్తమ్మ సంబరపడ్తదనుకున్న. ఆమె కిందికి దిగి, ఏటి ఒడ్డున తడిమన్ను కొంగు నిండ తెచ్చి, పగుళ్లల్ల నింపి, బొటనవేలితోని నొక్కి, నీళ్లచెయ్యి తోని నున్నగ చేసింది. "ఊక ఎక్కువైంది, అందుకే పలిగింది" అని ఒక్క మాటన్నది. పొయ్యి చూసి గుండెలు బాదుకున్న మనిషి ఈమెనేనా అనిపిచ్చింది.

పుంటికూర పప్పు పెట్టిన. ఉడికినంక అలవాటు ప్రకారం మూత తీసి పక్కకు జరిగిన. అత్తమ్మ జాడీ ఒళ్లె పెట్టుకొని ఏటి దిక్కే చూస్తున్నది.

"అత్తమ్మా, ఉప్పు" అన్న.

"నువ్వెయ్యి" అని జాడీ నా దిక్కు జరిపింది.

పరీక్ష పెడ్తున్నదనుకున్న. ఇన్నేండ్లు ఎదురుచూసిన గడియ వచ్చింది, జాడీల చెయ్యి పెట్టిన. ఎంతెయ్యాలె? గుప్పెడా? మూడు వేళ్ల సందు పట్టినంతనా? నాకేం ఎర్క? పెండ్లికి ముందు మా అమ్మ ఏసేది, పెండ్లైనంక అత్తమ్మ ఏస్తది. ఎక్కువైతే పరువు పోతదని భయంతోని చిటికెడు ఏసిన. మల్ల చిటికెడు. రుచి చూసుకునే ధైర్యం గుడ లేకపాయె. మా ఆయన మొదటి ముద్ద పెట్టుకొని, "ఉప్పేసినవా అసలు?" అన్నడు.

అత్తమ్మ మాత్రం వంచిన తల ఎత్తకుంట తిని, "మంచిగనే ఉన్నది. నీకెందుకురా, తిను" అన్నది.

నేను తిని చూస్తే సప్పిడి. పత్యం కూడు నయం. మంచిగుందంటదేంది? నన్ను వెక్కిరిస్తున్నదనుకున్న. కోపం నెత్తికెక్కింది. తెల్లారి ఉప్మా చేసి, కావాల్నని గుప్పెడు ఉప్పు ఏసిన. ఇప్పుడేమంటదో చూద్దామని. మా ఆయన ఒక్క బుక్క నోట్లె పెట్టుకొని, లేసి ఏటి దిక్కు ఉరికిండు. అటే డీజిలు తెస్తనని మొఖం చాటేసి పోయిండు.

అత్తమ్మ నిమ్మలంగ తింటున్నది. పళ్లెం ఖాళీ చేసి, "మంచిగుంది. ఇంకింత ఉన్నదా?" అన్నది.

నా చేతిల గంటె ఆగింది. ఆమె మొఖం చూసిన. వెక్కిరింత లేదు, కోపం లేదు. ఊకెనే తింటున్న మొఖం.

"అత్తమ్మా, నీకు ఉప్పు తెలుస్తలేదా?" అని అడిగేసిన.

ఆమె పళ్లెం కింద పెట్టింది. "పోయిన వానకాలం జొరమొచ్చింది చూడు, దాని కాన్నుంచి" అన్నది. "తీపి తెలుస్తది, కారం మండుతది. ఉప్పే పత్తా లేదు. ఏసి నాకితే ఏమనిపియ్యదు, మల్ల ఏస్త. అయినా ఏమనిపియ్యదు."

"మరి ఎక్కువైతున్నదని నీకు..."

"ఎర్కనే. మీ బావ ముద్దకొక్కసారి చెంబెత్తుతుంటే, కన్నదాన్ని, నాకు తెల్వదా? ఇంట్ల ఇంతమంది ఉన్నరు. ఒక్కరన్న అమ్మా ఉప్పెక్కువైందని అనరైతిరి. అంటే ఒర్రుతుంటి, నిజమే. కాని అనరైతిరి."

"అక్కకన్న ఇయ్యకపోతివా జాడీ?"

"ఇచ్చినంక నేనేం చెయ్యాలె?" అని కసురుకుంది. కసురుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "చెలకల పనికి నడుము వంగదు. పాలు పిండెటందుకు చేతివేళ్లు వంగవు. ఉప్పు ఒక్కటే ఉన్నది. అది గుడ పోతే అరుగు మీద కూసోని ఈగలు కొట్టుకోవాల్నా? నీ పొయ్యి చూసి నాకు ఎందుకు గుండె పలిగిందనుకున్నవు? వేరుపడ్తవని కాదు. నీ ఉప్పు నువ్వేసుకొని, నాలుగు పూటలు మంచిగ తిని ఇంటికొస్తవు. వచ్చినంక నా కూర ఎట్ల మింగుతవు? నోరు తెరుస్తవు. నీ నోరు నాకు తెల్వదా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నేండ్లల్ల ఆమె మీద నాకు అంత ప్రేమ, పావురం ఎన్నడు రాలే. ఇంత పెద్ద మనిషి, ఊరంతా జడిసే మనిషి, చేతులకెళ్లి ఇల్లు జారిపోతుందని జాడీ ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఉప్మా గిన్నె పక్కకు పెట్టి ఆమె ముందర కూసున్న.

"ఎంతెయ్యాల్నో నాకు నేర్పు" అన్న.

"నాకెక్కడొస్తది? నేనెన్నడన్న కొలిచి ఏసిన్నా? నాలికె చెప్తుండె, చెయ్యి వింటుండె."

"అయితే నాలికె నాదుంటది. చెయ్యి నీదే ఉండనీ. నువ్వు ఎప్పటి లెక్కనే ముందర నిలబడి ఎయ్యి. నీ ఎన్క నేను గంటె నాకి చూస్త. సరిపోంగనే దగ్గుత. దగ్గకుంటే ఇంకింత ఎయ్యి."

ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకొని నన్ను ఎగాదిగా చూసింది. "దొంగముండ" అన్నది. ఆ మాట నాకు బంగారు గాజులు పెట్టినంత సంబరమైంది.

ఆ పూట గద్వాల పోయినం. కోట గోడ నీడకు ట్రాలీ పెట్టినం. నేను కావాల్ననుకున్నవన్నీ చూసిన. కోట చూసిన, బజార్ల మగ్గాల మీది చీరలు చేతులతోని తడిమి చూసిన. అత్తమ్మ తలెత్తి కోట గోడ చూసి, "ఇంత గోడకు అలుకుడు ఎవరి వంతో, పాపం" అన్నది. ఒక ముసలామె కండ్లు పెద్దగ చేసుకొని ట్రాలీ కాడికొచ్చి, "కండ్లు చూసే దవాఖాన బండా ఇది?" అని అడిగింది. ఇల్లు అని అత్తమ్మ చెప్తే, "ఇల్లైతే ఒక్క కాడ ఉండాలె గద" అని మమ్ములను తప్పు పట్టి పోయింది.

మిగిలిన యాళ్లంత మాకు వంటనే. ఒక్క కూర కాదు, పూటకు మూడు కూరలు, చిన్న చిన్న గిన్నెలల్ల. అత్తమ్మ ఏసుడు, నేను నాకుడు, దగ్గుడు. ముందుగాల నేను ఆలస్యంగ దగ్గితే ఎక్కువైతుండె, తొందరగ దగ్గితే సప్పగైతుండె. ఒకసారి నిజంగనే పొగకు దగ్గొచ్చింది, ఆమె ఉప్పు అసలు ఎయ్యకుంటనే చెయ్యి ఎన్కకు తీసుకుంది. ఇద్దరం గోడకు ఆనుకొని పడిపడి నవ్వినం. తినెటందుకు మా ఆయన ఒక్కడే ఉండె. "ఇన్ని కూరలెందుకే? మీరిద్దరు కలిసి ఏం నాటకం పెట్టిండ్రు?" అని పరేషాన్ అవుతుండె. తిను, తిని ఉప్పు ఎట్లున్నదో చెప్పు అంటుంటిమి. సంగతి ఆయనకు గుడ చెప్పలే. ఈ ఇంట్ల మగోళ్ల కడుపుల మాట ఆగదు, రేపటికి బావకు తెలుస్తదని అత్తమ్మ అన్నది.

ఇంటికి మర్లినంక ఆ పొద్దు అందరం కూసుంటే వంకాయ కూర చేసిన. మూత తీసి పక్కకు జరిగిన. అక్క పొయ్యి కాడనే పాలు కాస్తున్నది. అత్తమ్మ జాడీల చెయ్యి పెట్టింది. గుప్పెట కూర మీదికి వచ్చింది. ఉప్పు రాలుతుంటే నేను ఆమె చాటున గంటె నాకిన. సాలలే, ఊకున్న. మల్ల రాలింది. నాకిన.  దగ్గిన. గుప్పెట టక్కున మూసుకుంది. ఎప్పటి లెక్కనే ఆమె అరచేతిల రెండు బొట్లు పోసుకొని, ఎంతో తెలిసినట్టు చప్పరించి, కొంగుకు చెయ్యి తుడుసుకొని పోయింది.

బావ కలుపుకొని తిన్నడు. మల్ల పెట్టించుకొని తిన్నడు. చెంబు పక్కన పెట్టింది పెట్టినట్టే ఉన్నది. "అమ్మా, కృష్ణల మునిగొచ్చినవు గద, నీ చెయ్యి మల్ల ఎనుకటి లెక్కైంది" అన్నడు. అత్తమ్మ కొడుకు దిక్కు చూడకుంట దూలం దిక్కు చూసింది. 

గట్ల రోజూ నడిచింది. ఒకనాడు అక్క నా దగ్గు విని పరేషాన్ అయ్యింది. "ట్రాలీల గాలి నీకు పడలేదే చెల్లె, పొయ్యి కాడికి వచ్చినప్పుడల్లా దగ్గుతున్నవు" అని మిరియాలు దంచి కషాయం కాసి, గ్లాసుల పోసి తెచ్చింది. మంచి మనిషి, ఏమని చెప్పాలె ఆమెకు? నేను గ్లాసు అందుకోబోయిన. అత్తమ్మ నా కంటే ముందు అందుకుంది. వాకిట్లకు పోయి మోరిల ఒంపి, ఖాళీ గ్లాసు అక్క చేతిల పెట్టింది.

"దాని దగ్గు జోలికి పోకే. నేను బతికున్నన్ని రోజులు అది తగ్గొద్దు" అన్నది.